చెరకుకు రెల్లుతో చుట్టరికం కలిపిన వెంకట్రామన్

చెరకు రైతులారా! ఏటి గట్లపైనా లంకల్లోనూ తెల్లని పూలతో ఊగే రెల్లును మీరు పనికిరాని గడ్డిగానే చూసి ఉంటారు. కానీ మీ తోటలోని చెరకుకు అది దగ్గరి చుట్టం. ఆ చుట్టరికాన్ని రైతు పొలం దాకా తెచ్చిన శాస్త్రవేత్తల్లో ముఖ్యులు సర్ టి.ఎస్. వెంకట్రామన్ (1884-1963).

ఈ కథ మన గోదావరి డెల్టాలో మొదలైంది. అక్కడ ఎర్రకుళ్లు తెగులు చెరకు తోటలను దెబ్బతీయడంతో, వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ చొరవతో 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం ఏర్పడింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ప్రారంభమైంది. బార్బర్ దానికి అధిపతి, వెంకట్రామన్ ఆయన సహాయకుడు.

లావు చెరకుకు తీపి ఎక్కువ, ఓర్పు తక్కువ. రెల్లులో చక్కెర నామమాత్రమే అయినా ఎద్దడిని, చలిని, తెగుళ్లను తట్టుకునే గుణం ఉంది. వారు ఈ రెంటినీ సంకరపరిచి సాధించిన కో 205 రకం 1918లో పంజాబ్ రైతులకు అందింది. బార్బర్ తర్వాత కేంద్రం పగ్గాలు చేపట్టిన వెంకట్రామన్ చెరకును జొన్నతోనూ వెదురుతోనూ కలిపి చూశారు. ఆయన హయాంలో వచ్చిన కో 419 దక్షిణాదిన విస్తారంగా సాగైంది. 1956లో ఆయనకు పద్మభూషణ్ లభించింది.

లావు చెరకులో 80 క్రోమోజోములు ఉంటాయి. రెల్లుతో కలిపినప్పుడు తల్లి చెరకు సాధారణంగా ఆ 80నీ ఇస్తుంది, రెల్లు తనవాటిలో సగమే ఇస్తుంది. ఆ సంతతిని మళ్లీ చెరకుతో కలుపుతూ పోతే తీపి పెరుగుతుంది, ఓర్పూ కొంత నిలుస్తుంది. నేటి రకాల్లో రెల్లు వాటా సుమారు 10 నుంచి 20 శాతం.

అయితే ఈ ఓర్పు శాశ్వతం కాదు. తెగులు కలిగించే శిలీంధ్రం కూడా మారుతూ ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో అత్యధికంగా సాగైన కో 0238 ఇటీవల ఎర్రకుళ్లుకే లొంగిపోయింది. అందుకే:

• ఊరంతా ఒకే రకం వేయకండి.
• తెగులు లేని తోట నుంచే విత్తన ముచ్చెలు తీసుకోండి.
• ఎర్రకుళ్లు సోకిన దుబ్బులను వేళ్లతో సహా తీసి కాల్చివేయండి. ఆ తోటను కార్శికి వదలకండి, వరితో పంట మార్పిడి చేయండి.
• మీ ప్రాంతానికి తగిన రకం కోసం అనకాపల్లి పరిశోధన స్థానాన్ని లేదా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి.