జెర్డన్ దొర, యానాది నేస్తాలు

శరత్కాలపు సెలవుల్లో గుడారాలు భుజాన వేసుకుని నేలపట్టు, పులికాట్ దిక్కుగా నడిచే మిత్రులారా! మనకంటే ముందు నెల్లూరు సీమలో పక్షుల వెంట పడ్డ టి.సి. జెర్డన్‌ను ఓసారి తలచుకుందాం.

1811లో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, 1836లో మద్రాసు చేరాడు. నెల్లూరు సివిల్ సర్జనుగా ఉంటూ యానాదులతో చెలిమి చేశాడు. తూర్పు కనుమల జీవరాశిని గురించి వాళ్ల దగ్గర ఎంతో నేర్చుకున్నాడు. కలివికోడి లోకానికి తెలిసిందీ అలాగే. 1862-64లో భారతదేశపు పక్షులపై గ్రంథం వెలువరించి, 1872లో కన్నుమూశాడు.

అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది.

దాని ఇంగ్లీషు పేరులో దొర ఉన్నాడు, యానాది లేడు. ఈసారి మన నోటుబుక్కులో దారి చూపినవాళ్ల పేర్లూ రాసుకుందాం.