విక్రమ్ సారాభాయి

మన తడకు తూర్పున పులికాటు సరస్సు. దాని కావల శ్రీహరికోట ద్వీపము. పూర్వ మచ్చటికి పడవలే దారి. అడవియు, సరుగుడు తోటలును, తేనె తీసి బ్రదుకు యానాదులును – అంతియే.

1919లో అహమ్మదాబాదున జన్మించి, కేంబ్రిడ్జిలో చదివిన సారాభాయిగారు 1963లో పడమటి తీరమున తుంబాయందు రాకెట్టు ప్రయోగము లారంభించిరి. ఉపగ్రహములకు మాత్రము తూర్పుతీరము కావలెను. భూమి తూర్పునకు దిరుగును గదా! ఆ వేగము కలసివచ్చును. రాలిన భాగములు సముద్రమున బడును. 1969లో శ్రీహరికోట నిశ్చయమయ్యెను. యానాదులు పెక్కురు తమ గుడిసెలు విడువవలసివచ్చెను. అది స్వల్పనష్టము కాదు.

1971 అక్టోబరు 9న అచ్చట తొలి రాకెట్టు లేచెను. ఎనుబదిరెండు దినములకే, డిసెంబరు 30న, సారాభాయిగారు కోవళమున కన్నుమూసిరి. వయస్సు 52. 1980 జూలై 18న ఆ ద్వీపమునుండి రోహిణి ఉపగ్రహము నింగి కెక్కుట వారు చూడలేదు.