వీరేశలింగము పంతులుగారును మృత్యువును

గోదావరి లంకల నెరిగినవారికి మార్పు వింత కాదు. ఒక యేటి వరద మేటవేసిన భూమిని మరుసటి యేటి వరద కోసికొని పోవును. రైతు నిట్టూర్చి మరియొకచోట నాగలి కట్టును. అట్టి నదీతీరమున, రాజమహేంద్రవరమున, 1848 ఏప్రిలు 16వ తేదీని జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు చావునెడ నెట్లు మెలగిరో యొకింత విచారింప దలచితిమి.

నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బారాయుడుగారు గతించిరి. తల్లి పున్నమ్మగారును పెదతండ్రిగారును పెంచిరి. దయ్యములు లేవని వాదించుటతో తృప్తినొందక, నడిరేయి శ్మశానమునకు పోయి చూపిన ధీరుడాయన. దీనిని కొందరు వట్టి సాహసముగా చెప్పుకొందురు గాని, తరువాతి మహాకార్యమునకు మూల మిక్కడనే కలదని మా తలంపు. చావు గ్రహముల కోపము కాదు, ప్రకృతిధర్మమని నమ్మినవానికి గాని మగడు పోయిన పడుచు నిర్దోషి యని తోచదు. మన యిండ్లలో నా పిల్లను మగని మింగినదని తిట్టి, తల గొరిగించి, శుభకార్యములకు దూరము చేయుచుండిరి. కాలధర్మమున జరిగినదానికి పసిదానిపై నేరము మోపుటయే గదా యిది! ఆ యారోపణమును త్రోసివేసి, 1881 డిసెంబరు 11న పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. వంటవారును నీళ్లు మోయువారును మానివేయగా, ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీళ్లు మోసి, వండి వడ్డించిరి.

చీనాదేశమున, క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున, చువాంగ్‌ట్సూ యను తావోమార్గ జ్ఞాని యుండెను. భార్య మరణింపగా ఆయన పాత్రపై దరువు వేయుచు పాడుచుండెనట. మిత్రుడు మందలింపగా, తానును మొదట దుఃఖించితిననియు, రూపములేని స్థితినుండి రూపమును ప్రాణమును పొందిన యామె మరల మారుట ఋతువులు మారుట వంటిదని తెలిసి యేడ్పు మానితిననియు బదులు చెప్పెనని ఆయన పేరిటి గ్రంథము తెలుపుచున్నది.

1910 ఆగస్టు మాసమున రాజ్యలక్ష్మమ్మగారు పరలోకగతులైరి. పంతులుగారు దరువు వేయలేదు. 1861 మొదలు సాగిన దాంపత్యము తెగినప్పుడు పాడుట మాకును చేతకాని పనియే. ఆయన శోకించిరి, శోకించుచునే పని సాగించిరి. మరుసటి యేట స్వీయచరిత్రము మొదటి భాగమును, 1915లో రెండవ భాగమును ప్రకటించిరి. సంతానము లేదు, 1906లో నెలకొల్పిన హితకారిణీ సమాజమునకు యావదాస్తిని ధారపోసి యుండిరి. ప్రవాహమున కెదురీదవలదని తావోజ్ఞానులందురు. పంతులుగారు జీవితమెల్ల నెదురీదిరి గదా యని యెవరైన నాక్షేపింపవచ్చును. కాని ఆయన యెదిరించినది ఆచారమును. ఆచారము నది కాదు, నదికి మనుష్యులు వేసిన అడ్డుకట్ట.

తమకే మార్పు కావలసి వచ్చినప్పుడు మాత్రము వెనుదీయలేదు. చిరకాలము గ్రాంథికమున వ్రాసి, వ్యాకరణమును సయితము రచించిన యా వృద్ధుడు, 1919 ఫిబ్రవరి 28న గిడుగు రామమూర్తి పంతులుగారి పూనికతో నేర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు డెబ్బదియేండ్లు దాటిన పిదప అధ్యక్షులైరి. ఈ మాటలను మేమింకను గ్రాంథికముననే వ్రాయుచుండుట చూచిన నవ్వి యుందురు.

మూడు మాసములకు, మే 27వ తేదీని, చెన్నపట్టణమున కన్నుమూసిరి. అప్పుడాయన ఆంధ్రకవుల చరిత్రమును సవరించుచుండిరి.