రంగుల తెరకు తొలి బాట: చిత్తజల్లు పుల్లయ్య

మాటలు లేని మూకీలను, మాట నేర్చిన టాకీలను, వన్నెలు దిద్దుకొన్న రంగుల చిత్రాలను - ఈ మూడింటినీ తీర్చిదిద్దిన తెలుగు దర్శకులు అరుదు. అట్టివారిలో చిత్తజల్లు పుల్లయ్య ముఖ్యులు.

పుల్లయ్య 1898లో కాకినాడలో జన్మించారు. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ వద్ద చిత్రనిర్మాణంలోని మెలకువలు గ్రహించి, మూకీల కాలంలోనే ఈ రంగంలో అడుగుపెట్టారు. అప్పటికి తెలుగు నేలపై వసతులు చాలనందున కలకత్తాకు వెళ్ళి, ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షాన 1933లో 'సతీ సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను రూపొందించారు. ఇందులో పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. పల్లెల నుండి జనం బండ్లు కట్టుకొని వచ్చి ఈ చిత్రాన్ని చూశారు.

ఆనాటి తెర నలుపు తెలుపుల మయం. అంతఃపురంలోని పట్టుచీరకూ, ఆశ్రమంలోని నారచీరకూ గల వన్నెల భేదాన్ని ప్రేక్షకుడు ఊహించుకోవలసిందే. పాశ్చాత్య దేశాలలో మూకీల నాడే ఫిలిం మీద కుంచెతో రంగులద్దేవారు. కొన్ని దృశ్యాలను రంగునీటిలో ముంచి తీసేవారు. మన దేశంలో 1937లో బొంబాయిలో 'కిసాన్ కన్య' రంగులలో వెలువడింది. తెలుగువారికి మాత్రం సంపూర్ణ వర్ణచిత్రం చాలాకాలం అందలేదు.

ఆ లోటు తీర్చడానికి 1958లో నిర్మాత శంకరరెడ్డి పూనుకొన్నారు. దర్శకత్వ భారం పుల్లయ్యపై పడింది. కథ మరల లవకుశుల కథయే. అరవై ఏళ్ళ వయస్సులో ఆయన గేవాకలర్ అనే కొత్త విద్యకు సిద్ధపడ్డారు. రంగుల ఫిలింకు వ్యయమూ ఎక్కువే, కావలసిన వెలుతురూ ఎక్కువే. ధనాభావం వల్ల చిత్రీకరణ మధ్యలో నిలిచిపోయింది. తిరిగి మొదలయ్యే నాటికి పుల్లయ్య ఆరోగ్యం క్షీణించింది. అప్పుడు ఆయన కుమారుడు సి.ఎస్.రావు ఆ బాధ్యతను స్వీకరించి చిత్రాన్ని పూర్తిచేశారు. తండ్రి కథను గానం చేసిన కుమారుల గాథ, తండ్రి పనిని నెరవేర్చిన కుమారుని చేతుల మీదుగా వెలువడింది.

1963 మార్చి 29న విడుదలైన 'లవకుశ' తొలి సంపూర్ణ తెలుగు వర్ణచిత్రంగా నిలిచింది. రామారావు రాముడుగా, పుల్లయ్య 'గొల్లభామ'లో నటించిన అంజలీదేవి సీతగా ప్రజల హృదయాలలో నిలిచారు. తాను నలుపు తెలుపులలో చెప్పిన కథను రంగులలో చూసుకొనే భాగ్యం పుల్లయ్యకు దక్కింది. 1967 అక్టోబరు 6న ఆయన కన్నుమూశారు.

నేర్చిన విద్యతో తృప్తిపడక, మలివయస్సులోనూ కొత్త విద్యను చేపట్టిన పుల్లయ్య జీవితం యువతరానికి ఆదర్శప్రాయం.