వణుకుల తేడా తెలిపిన షార్కో

పారిస్ నగరంలో బండ్లు తయారుచేసే ఒక పనివాని ఇంట 1825 నవంబరు 29న జీన్ మార్టిన్ షార్కో జన్మించారు. వైద్యవిద్య ముగించి 1862లో సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో బాధ్యత స్వీకరించారు. ఒకప్పుడు తుపాకిమందు తయారైన ఆ ప్రాంగణంలో అప్పటికి వేలాదిమంది నిరుపేద స్త్రీలు, దీర్ఘరోగులు తలదాచుకొని ఉండేవారు.

ఆ కాలపు వైద్యం వణికే రోగులను చాలావరకు ఒకే గాటన కట్టేది. షార్కో రోగుల ఎదుట కూర్చుండి ఓపికగా పరిశీలించారు. కొందరికి ఒడిలో ఊరక ఉన్న చేయి వణుకుతుంది, ఏదైనా పట్టుకోబోతే తగ్గుతుంది. మరికొందరికి ఊరక ఉన్న చేయి నిశ్చలమే. నీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి మాత్రం నీరంతా ఒలికిపోతుంది. మొదటిది పార్కిన్సన్ వ్యాధి. దానికి ఆ పేరు వ్యాప్తిలోకి తెచ్చినవారు ఆయనే. రెండవది మల్టిపుల్ స్క్లిరోసిస్. ఇందులో కనుగుడ్లు అదరడం, మాట తెగి తెగి రావడం కూడా ఆయన గుర్తించారు.

ఈ తేడా ఆయనకు సులభంగా దొరకలేదు. చేతులు వణికే ఒక స్త్రీని తన ఇంట పనికి పెట్టుకున్నారు. ఆమె చేతిలో పగిలిన పళ్లాలకు లెక్కలేదు. అయినా పంపివేయలేదు. ఆమె వ్యాధిని ఆయన వేరొకటిగా భావించారు. మరణానంతరం పరీక్షించగా నరాల కేంద్రాలలో గట్టిపడిన మచ్చలు కనిపించాయి. తన నిర్ణయాన్ని శవపరీక్షతో సరిచూసుకొని దిద్దుకోవడమే ఆయన గొప్పతనం. 1868లో ఈ వ్యాధిని సమగ్రంగా వివరించారు. తరువాతి కాలంలో హిస్టీరియాపై ఆయన చేసిన ప్రదర్శనలు మాత్రం అంతగా నిలువలేదు.

శరీరపు రక్షణశక్తియే నరాల తొడుగుపై దాడి చేయడం ఈ జబ్బుకు మూలమని అప్పటికి ఎవరికీ తెలియదు. షార్కో 1893 ఆగస్టు 16న మరణించారు. మరుసటి ఏడాదే లియాన్ నగరంలో యూజీన్ దెవిక్ అనే వైద్యుడు కంటి నరాన్ని, వెన్నుపామును కలిపి దెబ్బతీసే మరో వ్యాధిని వర్ణించారు. చూపు తగ్గడం, కాళ్లు పడిపోవడం రెండింటా ఉండడంతో చాలాకాలం దానిని మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో ఒక రకంగానే ఎంచారు. 2004లో దెవిక్ వ్యాధిగ్రస్తుల రక్తంలో ఒక ప్రత్యేక ప్రతిరక్షకం బయటపడింది. అది మెదడులోని నీటి ద్వారాలపై దాడి చేస్తుందని మరుసటి సంవత్సరం తేలింది. మొదటి వ్యాధికి వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా మందు రెండవదానిని ముదరబెట్టగలదు. కనుకనే నేటి వైద్యులు చికిత్సకు ముందు ఎం.ఆర్.ఐ.తోపాటు ఆ రక్తపరీక్ష కూడా చేయిస్తున్నారు.