ఆకు రహస్యం వెదికిన తొలి ఐఐటీ సారథి జ్ఞాన్‌చంద్ర ఘోష్

ఖరగ్‌పూర్: శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రైల్వే కొలువులకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. దానికి ఆనుకుని ఉన్న హిజ్లీలో దేశపు తొలి ఐఐటీని నిలబెట్టిన డైరెక్టర్ సర్ జ్ఞాన్‌చంద్ర ఘోష్. సంస్థల నిర్మాతగా ఆయన సుప్రసిద్ధుడు. ఆకు పచ్చదనం వెనుక ఉన్న రసాయన చర్యను శోధించిన శాస్త్రవేత్తగా మాత్రం అంతగా గుర్తుండిపోలేదు.

1894లో జన్మించిన ఘోష్, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాల సహాధ్యాయి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ శిష్యుడు. లవణ ద్రావణాల విద్యుద్వాహకతపై 1918లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ఐరోపా దృష్టిని ఆకర్షించింది. అయితే 1923లో వెలువడిన డిబై, హుకెల్ సిద్ధాంతం దానిని వెనక్కి నెట్టింది.

1921లో ఢాకా విశ్వవిద్యాలయంలో చేరిన ఘోష్, కాంతి ప్రేరేపించే రసాయన చర్యలపై దృష్టి నిలిపారు. సేన్‌గుప్తాతో కలిసి 1934లో ప్రచురించిన ప్రయోగంలో ఆకుల నుంచి తీసిన పత్రహరితాన్ని వినియోగించారు. కాంతి సోకినప్పుడు ఈ పత్రహరితం మధ్యవర్తిగా నిలవగా, ఫినైల్ హైడ్రజీన్ అనే పదార్థం మిథైల్ రెడ్ అనే రంగును క్షయకరణం చెందించింది. కాంతి శక్తితో ఎలక్ట్రాన్లు ఒక పదార్థం నుంచి మరొకదానికి చేరాయన్న మాట.

మొక్క కణంలోని హరితరేణువు, అంటే క్లోరోప్లాస్టు, చేసే పనికి మూలం ఇదే. కాకపోతే అక్కడ ఎలక్ట్రాన్లను ఇచ్చేది నీరు. నీరు విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది; అలా చిక్కిన శక్తితో కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఆకు నుంచి వేరుచేసిన పత్రహరితం ఒంటరిగా నీటిని విడగొట్టలేదు. అందుకు హరితరేణువు లోపలి పొరలలో ప్రొటీన్లతో కూడిన అమరిక అవసరం. ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులు సైతం, తగిన ఇనుప లవణం అందిస్తే, వెలుగులో ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయని ఇంగ్లండ్‌లో రాబర్ట్ హిల్ 1937లో వెల్లడించారు.

ఘోష్ దారి అప్పటికే మలుపు తిరగనుంది. 1939లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరయ్యారు. యుద్ధకాలంలో 1942లో అక్కడ వైమానిక ఇంజినీరింగ్ విభాగం ఆరంభమైంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి ఇంధనం తయారుచేసే పరిశోధనలు ఆయన శ్రద్ధను ఆక్రమించాయి. దేశావసరాలకు ఒక శాస్త్రవేత్త తన అన్వేషణను పణంగా పెట్టిన సందర్భంగానే దీనిని చూడాలి.

1950లో ఆయన చేతికి వచ్చిన హిజ్లీ భవనం ఒకనాటి నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబర్ 16న నిరాయుధులైన ఖైదీలపై జరిగిన కాల్పుల్లో ఇద్దరు మరణించింది అక్కడే. ఆ గోడల మధ్యనే తరగతులు మొదలయ్యాయి. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను ప్రారంభించారు.

1954లో పద్మభూషణ్ అందుకున్న ఘోష్, అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వెళ్లారు. అనంతరం ప్రణాళికా సంఘ సభ్యునిగా పనిచేస్తూ 1959 జనవరి 21న కన్నుమూశారు. హిజ్లీ పాత భవనంలో నేడు నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల నడుస్తోంది.