మెదక్ దేవాలయము కట్టించిన పోస్నెట్ దొరగారు



మన కె.జి.ఎఫ్. సంఘములవారు ఎవరైనా హైదరాబాదు వైపు పెళ్ళికో పేరంటానికో వెళ్ళివస్తే, మెదక్ గుడి చూశారా అని అడగడము వాడుక. చూసినవారు దాని ఎత్తు చెబుతారు, రంగుటద్దాలు చెబుతారు. కట్టించిన మనిషి సంగతి అంతగా చెప్పరు. అందుకని ఈసారి ఆయన గురించి వ్రాస్తున్నాము.

చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు ఇంగ్లాండు దేశస్థుడు, వెస్లియన్ మెథడిస్టు. 1895లో సికింద్రాబాదు వచ్చి తిరుమలగిరి దండులో తెల్ల సిపాయిల మధ్య పరిచర్య చేశారు. ఆ పని ఆయన మనస్సుకు పట్టలేదు. మరుసటి ఏడు పల్లెల వైపు బయలుదేరి మెదక్ చేరారు. గుర్రము మీద రెండు రోజుల ప్రయాణము. అప్పటికి ఆ ప్రాంతములో క్రైస్తవులు రెండు వందలమంది ఉంటే ఎక్కువ. తోడబుట్టిన ఎమిలీ గారు కూడా వచ్చి స్త్రీల మధ్య, రోగుల మధ్య పాటుపడ్డారు.

ఆయన ముందుగా ఒక బంగళా కట్టుకున్నారు. ఆరాధన జరిగే గది మాత్రము చిన్నది, కప్పు తలకు తగిలేటంత తక్కువ. సంఘము పెరిగిన కొద్దీ ఇది ఆయనను బాధించింది. దేవుని ఇంటికంటె తన ఇల్లు ఎత్తుగా ఉండటము తగదని ఎంచి, 1914లో కొత్త దేవాలయము పని మొదలుపెట్టారు. అందుకు ఎన్నుకున్నది గోతిక్ పద్ధతి.

ఈ పద్ధతి ఏమిటో కాస్త చెప్పాలి. గనిలో దిగినవారికి బరువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. తవ్విన చోటల్లా పైనున్న బండ నొక్కుతుంది. గ్రానైట్ రాళ్ళు పేర్చి ఆపవలసి వచ్చేది. గుడి కప్పుకూ అదే చిక్కు. గుండ్రని కమాను మీద బరువు పడితే అది గోడలను బయటికి తోస్తుంది. అందుచేత పాతకాలపు గుళ్ళలో గోడలు మందము, కిటికీలు చిన్నవి, లోపల చీకటి. పన్నెండవ శతాబ్దములో ఫ్రాన్సు మేస్త్రీలు కమానును పైన కోసుగా, రెండు చేతులు జోడించినట్లు కట్టారు. అప్పుడు బరువు ఎక్కువ భాగము కిందికే దిగుతుంది. కప్పుకు పక్కటెముకలవంటి రాతి బద్దెలు వేసి, ఆ భారమును స్తంభాలకు అప్పగించారు. ఇంకా మిగిలిన తోపుడును బయట ఊతగోడలు ఆపేవి. గోడకు మోత తగ్గింది గనుక అక్కడ పెద్ద కిటికీలు పెట్టి రంగుటద్దాలు బిగించారు. 1144లో ప్రతిష్ఠ జరిగిన పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ గుడి తూర్పు భాగము ఈ పద్ధతికి మొదలని చెబుతారు. అక్షరము రానివారు ఆ అద్దాలలో కథలు చూసి నేర్చుకునేవారు.

పోస్నెట్ గారు కట్టించినది మధ్యయుగపుది కాదు, ఆ పద్ధతిని పునరుద్ధరించిన కాలపుది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురము. చెక్కిన బూడిదరంగు రాతి స్తంభాలు. నేలకు బ్రిటన్ నుండి తెచ్చిన ఆరు రంగుల పలకలు, పరచినవారు ఇటలీ మేస్త్రీలు. దాదాపు 5,000 మంది పడతారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అది కరువు కాలము. జనము ఆకలితో ఉంటే ఇంత గుడి ఎందుకు? మన బాప్టిస్టు మందిరములకు గోపురాలు అక్కరలేదని చిన్ననాటి నుండి వింటూ పెరిగినవారము గనుక మాకూ ఈ సందేహము ఉండేది. ఆ ప్రాంతపువారు చెప్పేది వేరు. ఊరికే గంజి పోయకుండా పోస్నెట్ గారు పని ఇచ్చి, పనికి తిండి పెట్టారనీ, రాళ్ళు మోసినవారి ఇళ్ళలో పొయ్యి వెలిగిందనీ అంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన వీధులలో పని లేని మగవారు అరుగుల మీద కూర్చోవడము మేము చూశాము. దానము పుచ్చుకోవడము ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అందుచేత ఆ సందేహము మాలో చాలావరకు పోయింది. పూర్తిగా పోయిందని మాత్రము చెప్పలేము. అదే ఖర్చుతో ఎన్ని పల్లెలలో బడులు లేచేవో అని ఉపాధ్యాయ శిక్షణ పొందిన మా బుద్ధి ఇప్పటికీ లెక్క వేస్తుంది.

పదేళ్ళు పని సాగి, 1924 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున, ప్రతిష్ఠ జరిగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత అది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైనది. రంగుటద్దాల కిటికీలు మూడూ ఒక్కసారి రాలేదు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన ఆరోహణము 1927లోను, క్రీస్తు జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చారు.

చూడబోయేవారికి ఒక మాట. పొద్దు ఉండగానే లోపలికి వెళ్ళండి. ఆ బొమ్మలకు వెలుగు బయటనుండే రావాలి. చీకటిపడితే లోపల ఎన్ని దీపాలు వేసినా అవి నల్లని అద్దాలే.